పాత కారు డ్యాష్‌బోర్డ్ ప్యానెల్ విరగకుండా విప్పడం ఎలా? నాన్న కారు మీద నేను నేర్చుకున్నది

మా నాన్న కారు 2009 మోడల్ చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఇంజిన్‌కి ఏ రోగమూ లేదు. ఏసీ ఇప్పటికీ వణికించేస్తుంది. కానీ రోడ్డు కాస్త గతుకులుగా ఉందంటే చాలు, స్టీరియో చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ప్యానెల్ టకటకమని కొట్టుకోవడం మొదలుపెడుతుంది. వెంటనే నాన్న ఎడమ చెయ్యి గేరు మీంచి లేచి ఆ ప్యానెల్‌ని అదిమి పట్టుకుంటుంది. గుంత దాటాక మళ్లీ గేరు మీదకి. ఈ సీను నేను ఐదేళ్లుగా చూస్తున్నాను.

ఈ శబ్దం కారుతో పాటు రాలేదు. ఐదేళ్ల క్రితం యూఎస్‌బీ స్టీరియో పెట్టించుకుందామని ఒక యాక్సెసరీస్ షాపుకి వెళ్లాం. అక్కడి కుర్రాడు పెద్ద స్క్రూడ్రైవర్ తెచ్చి, ప్యానెల్ సందులో దూర్చి, ఒక్క తిప్పు తిప్పాడు. ఫట్‌మని సౌండ్. నాన్న మొహం చూస్తే ఆ ఫట్ ఆయన ఒంట్లోనే అయినట్టుంది. "పాత బండి కదా సార్, ప్లాస్టిక్ ఎండిపోయింది" అన్నాడు కుర్రాడు. మేం కూడా అదే నిజం అనుకుని డబ్బులిచ్చి వచ్చేశాం.

ఈ మధ్య నాన్న రిటైరయ్యాక ఊళ్లు తిరగడం ఎక్కువైంది. ఫోన్‌ని ఒళ్లో పెట్టుకుని మ్యాప్స్ చూస్తూ నడుపుతున్నారని అమ్మ కంప్లైంట్. సరే, ఆండ్రాయిడ్ ఆటో ఉన్న 7 అంగుళాల స్క్రీన్ పెట్టిద్దాం అన్నాను. "వద్దురా, ఉన్నది చాలు. ఈసారి మొత్తం విరగ్గొడతారు" అన్నారు. ఆయన భయంలో పాయింట్ ఉంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఆ ప్యానెల్ పార్టు రావడం ఆగిపోయిందని చెప్పారు. అంటే ఇంకోసారి విరిగితే, విరిగినట్టే.

అందుకే ఈసారి నేనే విప్పాలని డిసైడయ్యాను. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బోలెడు విప్పాను కాబట్టి కాన్ఫిడెన్స్ ఉంది. ఆ కాన్ఫిడెన్స్‌లో సగం తప్పని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

ఒక చిన్న మాట. కారు మోడల్ పేరు కావాలనే రాయట్లేదు. ఒకే కారులో బేస్ వేరియంట్‌కీ టాప్ వేరియంట్‌కీ స్క్రూలు వేరే చోట ఉండొచ్చు. "అతని కారులో ఇక్కడ లాగాడు, మనమూ ఇక్కడే లాగుదాం" అనుకుంటేనే ఫట్‌మంటుంది. మీకు కావాల్సింది నా కారు మ్యాప్ కాదు, మీ కారు మ్యాప్ మీరే గీసుకునే పద్ధతి.

అసలు ప్లాస్టిక్ ఎందుకు విరుగుతుంది?

"ఎండిపోయింది" అన్న ఆ కుర్రాడి మాట పూర్తిగా అబద్ధం కాదు. మన ఎండల్లో అద్దాలు మూసి పార్క్ చేసిన కారులో డ్యాష్‌బోర్డ్ పైభాగం 70 డిగ్రీల దాకా వెళ్లడం మామూలే. పదిహేనేళ్లు రోజూ అలా కాగి, రాత్రికి చల్లారి, మళ్లీ కాగితే ప్లాస్టిక్‌లో సాగే గుణం తగ్గిపోతుంది. దానికి తోడు ఎండలోని అల్ట్రావయొలెట్. కొత్త ప్యానెల్ వంగి క్లిప్పు వదిలే చోట పాతది వంగకుండా చిట్లుతుంది. తెల్లటి నైలాన్ క్లిప్పులది ఇంకో కథ. నైలాన్ గాల్లోంచి కాస్త తేమ పీల్చుకుని మెత్తగా ఉంటుంది, బాగా పొడిబారితే పెళుసవుతుంది.

కానీ అసలు కారణం ఇది కాదు. క్లిప్పు అనేది ఒక దిక్కులో మాత్రమే వదిలేలా డిజైన్ చేసిన వస్తువు. ఆ దిక్కులో లాగితే పాత క్లిప్పు కూడా వదులుతుంది. పక్కకి తిప్పితే కొత్త క్లిప్పు కూడా విరుగుతుంది. స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పడమంటే ఇంచుమించు మొత్తం బలం పక్కకే. పైగా ఎక్కడో ఒక స్క్రూ బిగించి ఉండగా లాగితే అది క్లిప్పుకీ మనకీ పోటీ కాదు, స్క్రూకీ ప్లాస్టిక్‌కీ పోటీ. ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.

ఫోన్ విప్పిన వాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బ్యాక్ గ్లాస్ తీసేటప్పుడు ఫ్లెక్స్ కేబుల్ ఏ పక్క ఉందో తెలియకుండా పిక్ లోపలికి తోయం కదా. టియర్‌డౌన్ వీడియో చూసి, కేబుల్ ఏ పక్కనో తెలుసుకుని, ఆ పక్క పుస్తకం తెరిచినట్టు తెరుస్తాం. కారు ప్యానెల్ కూడా అంతే. ముందు వైపు నున్నగా, అమాయకంగా కనిపిస్తుంది. సమాచారమంతా వెనకాల ఉంటుంది. కాబట్టి ముందు చెయ్యాల్సిన పని విప్పడం కాదు, విప్పకుండానే వెనక చూడటం.

వెనక చూడటానికి మూడు దారులు

మొదటిది, తెలిసిందే, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ లేదా విప్పిన వీడియోలు. సంవత్సరం, వేరియంట్ సరిపోతున్నాయో లేదో చూసుకోండి. వీడియోలో మనం చూడాల్సింది అతను ప్యానెల్ లాగే సీను కాదు. లాగాక ప్యానెల్ తిరగేసినప్పుడు కనిపించే రెండు సెకన్లు. అక్కడ పాజ్ చేసి స్క్రీన్‌షాట్ తీసుకోండి.

రెండోది మన సైట్ రీడర్లకి నచ్చుతుంది. ఫోన్‌కి తగిలించే టైప్-సీ ఎండోస్కోప్ కెమెరా. నేను 650 రూపాయలకి కొన్నాను. వేలు కంటే సన్నటి లెన్స్, చుట్టూ చిన్న ఎల్ఈడీలు, గట్టి వైరు. పిక్చర్ క్వాలిటీ గురించి మాట్లాడుకోవద్దు, 2010 నాటి ఫ్రంట్ కెమెరాలా ఉంటుంది. కానీ ఈ పనికి చాలు. చాలా చిన్న కార్లలో గ్లోవ్ బాక్స్ రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందకి వాలిపోతుంది. అక్కడి నుంచి కెమెరాని స్టీరియో వెనక్కి పంపితే క్లిప్పుల వీపులు కనిపిస్తాయి. నాకు ఒక పక్క మూడు స్పష్టంగా కనిపించాయి. అవి మెటల్ స్ప్రింగ్ క్లిప్పులు, లోపలికి నేరుగా దూరినవి. అంటే నేరుగా బయటికి లాగితేనే వస్తాయి. ఈ ఒక్క సమాచారం కోసం పెట్టిన 650 నాకు గిట్టుబాటే.

మూడోది విజయవాడ ఆటోనగర్. మా ఇల్లు విజయవాడలోనే, నేను ఉద్యోగం చేసేది హైదరాబాద్‌లో. డిసెంబర్‌లో ఒక శనివారం ఇంటికి వచ్చినప్పుడు ఆటోనగర్‌లో పాత కార్ల విడిభాగాలు అమ్మే వీధుల్లో తిరిగాను. మా కారు మోడలే, ముందు భాగం నుజ్జయినది ఒకటి దొరికింది. లోపల సెంటర్ ప్యానెల్ అలాగే ఉంది. కాకపోతే దాని ఇంటీరియర్ లేత గోధుమ రంగు, మాది నలుపు. పైగా పై అంచున బీటలు. మా కారుకి నేరుగా వేసుకోవడానికి పనికిరాదు. అయినా అడిగాను.

"మూడొందలివ్వు తమ్ముడూ. తీసివ్వాలంటే యాభై ఎక్స్‌ట్రా."

"నేనే తీసుకుంటా అన్నా."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, "విరిగినా మూడొందలే" అన్నాడు.

విరిగింది కూడా. మొదటి రెండు క్లిప్పులు పట్టి ఉన్న ప్లాస్టిక్ కాళ్లు నా చేతిలోనే పోయాయి. ఫోన్ విప్పే అలవాటుతో ఒక మూల తెరిచి, అక్కణ్ణుంచి పిక్‌ని అంచు వెంబడి జరుపుకుంటూ పోయాను. ఫోన్‌లో అంచు పొడుగునా జిగురు ఉంటుంది కాబట్టి అలా కుదురుతుంది. ఇక్కడ ఆరు చోట్ల మాత్రమే పట్టు ఉంది, మధ్యలో ఖాళీ. ఖాళీ దగ్గర ఎత్తితే ప్యానెల్ విల్లులా వంగి బలమంతా పక్క క్లిప్పు కాలి మీద పడుతుంది. పైన చెప్పాను కదా, సగం కాన్ఫిడెన్స్ తప్పని. అదే ఇది. మూడో క్లిప్పు నుంచి టూల్‌ని సరిగ్గా క్లిప్పు పక్కనే పెట్టి నేరుగా ఎత్తాను. టప్‌మని వచ్చేసింది. నాలుగు, ఐదు, ఆరు కూడా అంతే.

ప్యానెల్ ఇంటికి తెచ్చి తిరగేసి చూస్తే మొత్తం మ్యాప్ చేతికొచ్చినట్టైంది. ఎడమ మూడు, కుడి మూడు స్ప్రింగ్ క్లిప్పులు. పైన రెండు కొక్కేలు, అంటే పై అంచు చివర్లో రావాలి. కింద రెండు స్క్రూ చెవులు. ఈ రెండు స్క్రూలు పైకి కనిపించవు, చిల్లర పెట్టుకునే చిన్న ట్రేలో రబ్బరు మ్యాట్ కింద దాక్కుని ఉంటాయి. ఆటోనగర్ కారులో ఆ మ్యాట్ ఎప్పుడో పోయింది, స్క్రూలు కూడా ముందే ఎవరో తీశారు. లేకపోతే అక్కడే ఇంకో రెండు విరిగేవి.

మీకు ఇలాంటి తుక్కు ప్యానెల్ దొరికితే మూడొందలు పోయినా కొనండి. ప్రాక్టీసుకి ఒకసారి, స్పేర్ క్లిప్పులకి ఇంకోసారి, మూడో ఉపయోగం చివర్లో చెప్తాను.

టూల్స్

నైలాన్ ట్రిమ్ టూల్స్ సెట్ ఆన్‌లైన్‌లో 350కి వచ్చింది. పదకొండు ముక్కలు, వాడింది రెండే: వెడల్పుగా చీలికలా ఉన్నది ఒకటి, చివర వంపు తిరిగినది ఒకటి. టూల్ ప్యానెల్ కంటే మెత్తగా ఉండాలన్నదే ఇక్కడ రూల్. ఏదో ఒకటి అరగాలంటే టూలే అరగాలి. ఇంట్లో ఉన్న పాత ఏటీఎం కార్డు సందు ఎక్కడుందో వెతకడానికి బాగుంటుంది, ఎత్తడానికి కాదు.

మాస్కింగ్ టేపు తప్పనిసరి. టూల్ ఆనే చోట ప్యానెల్ మీద, దాని పక్కనున్న డ్యాష్‌బోర్డ్ మీద, రెండింటి మీదా రెండు పొరలు అంటించండి. మా ప్యానెల్ మీద ఐదేళ్లుగా ఉన్న తెల్లటి గాటు ఈ పది రూపాయల టేపు లేకపోవడం వల్ల వచ్చిందే.

స్క్రూడ్రైవర్ విషయంలో ఒక నెర్డు పాయింట్. పాత జపనీస్ డిజైన్ కార్లలో ప్లస్ గుర్తు స్క్రూలు చాలావరకు ఫిలిప్స్ కావు, జేఐఎస్ అనే జపాన్ స్టాండర్డ్. చూడటానికి ఒకేలా ఉంటాయి. ఫిలిప్స్ బిట్ పెట్టి గట్టిగా తిప్పితే జారి పైకి లేస్తుంది, స్క్రూ తల అరిగిపోతుంది. జేఐఎస్ బిట్ దొరికితే మంచిది. లేకపోతే సరిగ్గా కూర్చునే సైజు ఫిలిప్స్‌నే బాగా అదిమి, నెమ్మదిగా తిప్పండి. బ్యాటరీ టెర్మినల్‌కి ఒక స్పానర్ (చాలా కార్లకి 10 నంబర్). లోపల పడ్డ స్క్రూ తీయడానికి అయస్కాంతం ఉన్న పుల్ల. ఇక ముఖ్యమైన టూల్ మీ ఫోన్ కెమెరా. ప్రతి స్టెప్పుకీ ఒక ఫొటో. నేను కోడ్ కమిట్ చేసినట్టు 61 ఫొటోలు తీశాను, నాలుగుసార్లు పనికొచ్చాయి.

సంక్రాంతి సెలవుల్లో ముహూర్తం

జనవరిలో పొద్దున్నే మొదలుపెడదామనుకుని ఆగిపోయాను. చలిలో ప్లాస్టిక్ ఇంకా పెళుసుగా ఉంటుంది. పది దాకా కారుని ఎండలో పెట్టి, తర్వాత నీడలోకి తెచ్చాను. ప్యానెల్ చేతికి గోరువెచ్చగా తగలాలి. చల్లటి ఊళ్లో ఉంటే హెయిర్ డ్రయ్యర్ అడుగు దూరంలో పట్టుకుని క్లిప్పులున్న చోట రెండు నిమిషాలు తిప్పండి. హీట్ గన్ జోలికి పోవద్దు, అది డ్యాష్‌బోర్డ్ మీద గీతల డిజైన్ని ఇస్త్రీ చేసేస్తుంది. మే నెల మధ్యాహ్నం కూడా వద్దు. మరీ కాగిన ప్లాస్టిక్ మెత్తబడి టూల్ అచ్చు పడిపోతుంది. ఇంకోటి, ముందు రోజు మెరుపు కోసం డ్యాష్‌బోర్డ్ పాలిష్ కొట్టకండి. టేపు అంటదు, టూల్ జారుతుంది.

తర్వాత బ్యాటరీ. నెగటివ్ టెర్మినల్ ముందు తీయాలి. మా కారులో ఎయిర్‌బ్యాగులు లేవు. మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులై నుంచే కాబట్టి పాత చిన్న కార్లు చాలావాటికి ఉండవు. కానీ స్టీరింగ్ మీదో, గ్లోవ్ బాక్స్ పైనో ఎస్ఆర్ఎస్ అని రాసి ఉంటే ఆ రెండు చోట్లా మీరు చెయ్యి పెట్టొద్దు. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు చుట్టిన వైర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువే. వాటిని విప్పడం, మల్టీమీటర్ పెట్టి చూడటం అస్సలు చేయకండి. అలాంటి కారులో సెంటర్ ప్యానెల్ తీయాలన్నా బ్యాటరీ విప్పాక మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలి. ఇంకో జాగ్రత్త: కంపెనీ స్టీరియోకి సెక్యూరిటీ కోడ్ ఉంటే బ్యాటరీ తీసే ముందే ఆ కోడ్ ఎక్కడుందో చూసుకోండి.

నాన్న కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు. చేతిలో పేపరు ఉంది, కళ్లు మాత్రం నా చేతుల మీద.

చిల్లర ట్రేలో రబ్బరు మ్యాట్ ఎత్తాను. ఎడమ స్క్రూ లేదు. కుడి స్క్రూ కూడా లేదు. టార్చి వేసి చూస్తే ఎడమ వైపు ప్యానెల్ చెవే లేదు, విరిగి లోపలెక్కడో పడిపోయింది. అప్పుడు అర్థమైంది ఐదేళ్ల క్రితం ఆ ఫట్ ఏంటో. ఆ కుర్రాడు స్క్రూలు ఉన్నాయని తెలియకుండానే లాగాడు. ఎడమ చెవి విరిగింది. తర్వాత స్క్రూలు కనిపించి తీసి ఉంటాడు, బిగించేటప్పుడు వదిలేశాడు. ప్లాస్టిక్ ఎండిపోవడం కాదు. కుడి చెవి బాగానే ఉంది, దానికి స్క్రూ పెట్టి ఉంటే శబ్దం సగం తగ్గేది. ఐదేళ్లుగా మా నాన్న చెయ్యి పట్టుకున్నది ఒక స్క్రూ చేయాల్సిన పని.

"చూశారా నాన్నా, ఇక్కడ స్క్రూలే లేవు" అన్నాను. ఆయన లేచి వచ్చి తొంగి చూసి ఏమీ అనలేదు. పేపరు మాత్రం మడిచేశారు.

ఇక ప్యానెల్. ఏసీ నాబ్‌లు ముందు తీయాల్సి వచ్చింది. మాకు నేరుగా లాగితే వచ్చే రకం. పలచటి గుడ్డ చుట్టి రెండు పక్కలా సమానంగా పట్టుకుని లాగాను. ప్లయర్ పెడితే అంచు నలుగుతుంది. టేపు అంటించి, కింద ఎడమ క్లిప్పు పక్కన వెడల్పు టూల్ పెట్టి నేరుగా నా వైపు ఎత్తాను. టప్. కింద కుడి. టప్. మధ్య రెండూ వచ్చాయి. ఒక క్లిప్పు వచ్చాక ఆ సందు మళ్లీ మూసుకోకుండా మడిచిన గుడ్డ ముక్క దూర్చండి, చాలా హెల్ప్ అవుతుంది.

ఇక్కడ సౌండ్ గురించి చెప్పాలి. మంచి సౌండ్ టప్, పొడిగా, ఒక్కసారి. వదిలేసిన క్లిప్పుది అది. చెడ్డ సౌండ్ క్ర్ర్‌మని సాగుతుంది. అది వినపడగానే చేతులు తీసేయండి, ఇంకొంచెం లాగితే వస్తుందేమో అనుకోవద్దు. ఎక్కడో స్క్రూ ఉంది, లేదా దిక్కు తప్పు.

నాకు ఐదో క్లిప్పు దగ్గర క్ర్ర్ వినిపించింది. అప్పటికి గంటైంది. నాలుగు వరసగా వచ్చేసరికి ఊపొచ్చింది. కుడి పైన సందులో చోటు తక్కువ ఉందని టూల్‌ని కాస్త పక్కకి వాల్చాను, అంతే. చేతులు తీసేశాను. నాన్న "ఏమైందిరా?" అన్నారు. "ఏం లేదు" అన్నాను, ఏదో అయిందని ఇద్దరికీ తెలుసు. ఐదు నిమిషాలు బయట నిలబడి, మంచినీళ్లు తాగి, ఈసారి వంపు టూల్‌తో పై నుంచి కాకుండా పక్క నుంచి క్లిప్పు దగ్గరికి వెళ్లి నేరుగా లాగాను. వచ్చింది. ఆరోదీ వచ్చింది. పై కొక్కేలు మిగిలాయి కాబట్టి ప్యానెల్ కింద అంచు ముందుకు తెచ్చి, కొద్దిగా కిందకి దించాను.

అప్పుడే చాలామంది చేసే తప్పు, ప్యానెల్ వచ్చేసిందన్న సంతోషంలో ఒక్క లాగు లాగడం. వెనక హజార్డ్ స్విచ్ కనెక్టర్, సిగరెట్ లైటర్ సాకెట్ వైర్లు తగిలించి ఉంటాయి. పొడవు నాలుగు వేళ్లంత కూడా ఉండదు. ప్యానెల్‌ని అక్కడే ఒక చేత్తో పట్టుకుని, కనెక్టర్ మీద చిన్న నొక్కుడు లాక్ వెతికి, దాన్ని నొక్కి, కనెక్టర్ ఒంటిని పట్టుకుని తీయాలి. వైరు పట్టుకుని కాదు. లాక్ ఎటు పక్కనుందో కనపడకపోతే ఫోన్ లోపల పెట్టి ఫొటో తీసి చూడండి.

ప్యానెల్ చేతిలోకి వచ్చేసరికి లోపల్నించి కాగితాలు జలజలా రాలాయి. సన్నగా నాలుగు మడతలు పెట్టిన పెట్రోలు బంకు బిల్లులు. ప్రింటు మొత్తం చెరిగిపోయింది. పదో పన్నెండో ఉన్నాయి. శబ్దం ఎక్కువైనప్పుడల్లా నాన్న సందులో ఒకటి దూర్చేవారన్నమాట. కొన్నాళ్లకి అది లోపలికి జారిపోతే ఇంకోటి. మాకెవరికీ చెప్పలేదు. వాటి మధ్యలో ఒక పాత రూపాయి బిళ్ల, అయస్కాంతం పుల్లకి దొరికిన ఒక స్క్రూ కూడా ఉన్నాయి. రెండో స్క్రూ ఇప్పటికీ దొరకలేదు.

విరిగినది అతికించడం

ప్యానెల్ తిరగేశాను. నా క్ర్ర్ ఖరీదు: కుడి పై క్లిప్పు కాలు మొదట్లో సన్నటి పగులు. కాలు ఊడలేదు. ఎడమ చెవి ఎలాగూ లేదు.

అతికించే ముందు వెనక వైపు అచ్చు వేసిన అక్షరాలు చూడండి. ఏ ప్లాస్టిక్కో రాసి ఉంటుంది. మాది ఏబీఎస్. ఇది అదృష్టం, ఎందుకంటే ఏబీఎస్ అసిటోన్‌లో కరుగుతుంది. పీపీ అని ఉంటే అసిటోన్ పనిచేయదు, మామూలు జిగుర్లు కూడా సరిగ్గా పట్టవు.

ఆటోనగర్ ప్యానెల్ మూడో ఉపయోగం ఇదే. దాని ఎడమ చెవిని హాక్సా బ్లేడుతో నెమ్మదిగా కోసుకున్నాను. మిగతా ప్యానెల్ నుంచి చిన్న చిన్న ముక్కలు కత్తిరించి గాజు సీసాలో వేసి, మునిగేంత అసిటోన్ పోసి మూత పెట్టాను. మర్నాటికి తేనెలా చిక్కటి పేస్టు తయారైంది. రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది, పేస్టు రాసి, చెవిని మా ప్యానెల్‌కి అతికించాను. పగిలిన కాలి చుట్టూ కూడా అదే పూత. జిగురుతో అంటించడం కాదు ఇది, ప్లాస్టిక్‌ని ప్లాస్టిక్‌తో కలిపేయడం. ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చాను. వేలితో కదిపితే ఒంట్లో పుట్టినట్టే ఉంది.

జాగ్రత్తలు మూడు. అసిటోన్ వెలిగే పదార్థం, కిటికీలు తెరిచి వంటింటికి దూరంగా చేయండి. ప్యానెల్ ముందు వైపు ఒక్క చుక్క పడినా మెరుపు కరిగిపోతుంది, వేలికి అంటింది కూడా అటు తగలనివ్వొద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడదామనుకుంటే లేబుల్ చదవండి, అసిటోన్ లేనివి కూడా అమ్ముతున్నారు.

అర్జెంటుగా అతికించాలంటే సూపర్ గ్లూ రాసి పైన కాస్త వంట సోడా చల్లే చిట్కా ఉంది. సెకన్లలో రాయిలా గట్టిపడుతుంది. చెవి లాంటి కదలని చోట ఓకే. క్లిప్పు కాలు లాంటి వంగే చోట వద్దు, రాయి వంగదు కదా.

స్క్రీన్ సంగతి కాసేపు

స్టీరియో సైజుల దగ్గర అందరూ కన్‌ఫ్యూజ్ అవుతారు. డిన్ అంటే జర్మనీ స్టాండర్డ్స్ సంస్థ పేరు. సింగిల్ డిన్ ముందు కొలత దాదాపు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. డబుల్ డిన్ 180, 100. మాది డబుల్ డిన్ ఖాళీ కాబట్టి 7 అంగుళాల యూనిట్ నేరుగా కూర్చుంది. 9 అంగుళాల వాటికి మీ కారుకని చేసిన ఫ్రేమ్ కావాలి, కొన్నిటికి ఒరిజినల్ ప్యానెలే మార్చేయాలి. పాత ప్యానెల్ కోసం ఇంత కష్టపడి అది అటకెక్కించడం నాకిష్టం లేదు.

వైర్లు కోయకండి. మీ కారు కప్లర్‌కి సరిపోయే అడాప్టర్ హార్నెస్ మూడు నాలుగొందలకి దొరుకుతుంది. మా పాత ఇన్‌స్టాలేషన్‌లో వైర్లు కోసి, మెలేసి, టేపు చుట్టారు. ఆ టేపు ఎండలకి బంకలా కారి ఉంది. బయటి స్టీరియోల్లో మామూలుగా పసుపు వైరు బ్యాటరీ, ఎరుపు ఇగ్నిషన్, నలుపు ఎర్త్. కారు వైపు వైర్లకి మాత్రం ఈ రంగులు వర్తించవు, కంపెనీకో లెక్క. రంగు నమ్మకుండా మీటర్‌తో చూడండి.

బిగించడంలోనే సగం పని

విప్పేటప్పుడు చూపించిన ఓపిక బిగించేటప్పుడు ఉండదు. అక్కడే ఇంకో రౌండ్ విరుగుతుంది.

ముందు డ్యాష్‌బోర్డ్ రంధ్రాల్లోకి చూడండి. స్ప్రింగ్ క్లిప్పులు కొన్ని ప్యానెల్‌తో రాకుండా అక్కడే ఉండిపోతాయి. వాటిని నోస్ ప్లయర్‌తో తీసి ప్యానెల్ కాళ్లకి తొడగాలి. అలాగే వదిలేసి నొక్కితే కాలు క్లిప్పులోకి వంకరగా దూరి విరుగుతుంది. మాకు రెండు ఉండిపోయాయి, ఒకటి వదులుగా ఉంటే ఆటోనగర్ ప్యానెల్‌ది పెట్టాను.

కనెక్టర్లన్నీ పెట్టి, బ్యాటరీ కలిపి, ప్యానెల్ నొక్కకుండానే టెస్ట్ చేయండి. హజార్డ్ లైట్లు, లైటర్ సాకెట్, ఏసీ, నాలుగు స్పీకర్లు, రివర్స్ కెమెరా ఉంటే అదీ. అన్నీ అయ్యాక పైన కొక్కేలు తగిలించి, వైరు ఏదీ క్లిప్పు దారిలో లేదని చూసి, అరచేత్తో సరిగ్గా క్లిప్పు ఉన్న చోటే నొక్కాలి. ప్యానెల్ మధ్యలో గుద్దడం కాదు. అన్నీ కూర్చున్నాకే స్క్రూలు.

ప్లాస్టిక్‌లోకి స్క్రూ బిగించేటప్పుడు ఒక ట్రిక్. ముందు దాన్ని ఉల్టా తిప్పండి, విప్పుతున్నట్టు. ఒక చోట చిన్నగా టిక్ మని దిగుతుంది. అది పాత మరలో కూర్చుందని అర్థం. అక్కణ్ణుంచి బిగించండి. నేరుగా బిగిస్తే కొత్త మర కోసుకుంటూ పోయి, మూడోసారికి పట్టు లేకుండా పోతుంది. ల్యాప్‌టాప్ కింది కవర్‌కి కూడా ఇదే వాడండి. నా కొత్త చెవికి స్క్రూ ఆనేంత వరకే తిప్పి ఆపాను. దొరికిన స్క్రూ ఒకటి, హార్డ్‌వేర్ షాపులో కొన్నది ఒకటి.

ప్యానెల్ డ్యాష్‌బోర్డ్‌కి రాసుకునే చోట బట్టలాంటి హార్నెస్ టేపు సన్నగా వేశాను. పెట్రోలు బిల్లుల ఉద్యోగం ఇప్పుడు దానిది.

ఖర్చు: టూల్స్ 350, కెమెరా 650, తుక్కు ప్యానెల్ 300, హార్నెస్ 400, టేపులు, అసిటోన్, స్క్రూ కలిపి 250. స్క్రీన్ ధర వేరు. షాపులో ఫిట్టింగ్‌కి 1500 అడిగారు. అంటే నాకు మిగిలింది ఏమీ లేదు, 450 ఎక్కువే అయింది, మూడు రోజుల సెలవు కూడా పోయింది. డబ్బు మిగుల్చుకోవడం కోసమైతే ఈ పని చేయకండి. ప్యానెల్ మళ్లీ దొరకదు అనుకుంటేనే చేయండి. షాపుకే ఇస్తానంటే కనీసం ప్యానెల్ వెనక ఫొటో ఒకటి ఫోన్‌లో పెట్టుకుని వెళ్లి, "స్క్రూలు ఇక్కడున్నాయి" అని చూపించండి.

పండగ అయిన మర్నాడు గుడివాడ వైపు బయల్దేరాం. స్క్రీన్ మీద మ్యాప్, నాన్న డ్రైవింగ్, వెనక అమ్మ. ఊరు దాటాక రోడ్డు తవ్వేసిన చోటు వచ్చింది. కారు రెండుసార్లు గట్టిగా ఎగిరిపడింది. నాన్న ఎడమ చెయ్యి అలవాటు కొద్దీ లేచి ప్యానెల్ మీదకి వెళ్లింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత వాల్యూమ్ రెండు పాయింట్లు పెంచి మళ్లీ గేరు మీదకి వచ్చింది.